థెరపీ గది నుంచి తరగతి గది దాకా: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రత్యేక విద్య

ఆటిజం ఉన్న బిడ్డను పెట్టుకుని తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక కుటుంబం నలుగురిని సలహా అడిగితే మూడు దారులు చెబుతారు. మొదటిది పెద్దాస్పత్రి. రెండోది థెరపీ సెంటర్. మూడోది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దాంతో వచ్చే పింఛను. మూడూ అవసరమైనవే. అయితే ఆరేళ్లు నిండాక బిడ్డ రోజులో ఎక్కువ గంటలు ఉండాల్సింది బడిలో. ఆ బడిలో ఏం జరగాలి, ఎవరు చేయాలి, చేయకపోతే ఎవరిని అడగాలి అన్నది మాత్రం తల్లిదండ్రులకు విడమరచి చెప్పేవాళ్లు దొరకరు. చట్టం ఇచ్చిన హక్కుల్లో బలమైనవి ఉన్నదేమో అక్కడే. థెరపీ కోసం అప్పులు చేసే కుటుంబాలు కూడా బడి విషయంలో "చేర్చుకుంటే అదే పదివేలు" అనుకుని సర్దుకుపోతున్నాయి. ఈ సర్దుబాటు వల్ల పిల్లలు పోగొట్టుకుంటున్నది చాలా ఎక్కువ.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. అందులో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు చేరింది గానీ అది బడి గురించిన చట్టం కాదు. 2016లో చేసి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి తెచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టమే జాబితాను 21కి పెంచి, ఆటిజాన్నీ, చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం టీటీడీ నడిపే బధిర పాఠశాల తిరుపతిలో దశాబ్దాలుగా ఉంది. ఎముకలు, కీళ్ల సమస్యలకు బర్డ్ ఆస్పత్రి ఉంది. ఆటిజానికి అలా పాతుకుపోయిన వ్యవస్థ ఏదీ లేదు. చట్టం ఆలస్యంగా చూసింది, బడి ఇంకా ఆలస్యంగా చూస్తోంది.

ఆ చట్టం చెప్పేది స్పష్టంగా ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. దగ్గరలోని బడికి పంపాలా, ప్రత్యేక పాఠశాలకు పంపాలా అన్నది కుటుంబం ఇష్టం. 31వ సెక్షన్ సారం అది. 16వ సెక్షన్ ఇంకా విస్తృతమైనది. ప్రభుత్వ నిధులు గానీ, గుర్తింపు గానీ పొందిన ఏ విద్యాసంస్థ అయినా వివక్ష లేకుండా పిల్లలను చేర్చుకోవాలనీ, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలనీ అంటుంది. ఇక్కడ 40 శాతం అన్న మాట లేదు. అంటే పిల్లవాడిని శబ్దం తక్కువగా ఉండే చోట కూర్చోబెట్టడానికో, పరీక్షలో ప్రశ్నను చిన్న వాక్యాలుగా విడగొట్టి ఇవ్వడానికో సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో తీర్పు ఇచ్చింది. 40 శాతం లేదన్న కారణంతో పరీక్షలో రాసిపెట్టే సహాయకుడిని నిరాకరించకూడదని చెప్పింది. అయినా బడుల్లో మొదటి ప్రశ్న "సదరం ఉందా?" అనే.

సదరం కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో ఐసా అనే కొలమానం వాడతారు. నలభై అంశాలు ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, ఆపైన పెరిగేకొద్దీ శాతం పెరుగుతుంది. బిడ్డ కళ్లలోకి చూస్తాడా, ఇతరులతో కలుస్తాడా, మాటలను ఎలా వాడతాడు, శబ్దానికీ స్పర్శకూ ఎలా స్పందిస్తాడు లాంటివి చూసి, తల్లిదండ్రులను అడిగి వేయాల్సిన మార్కులు ఇవి. సమయం పట్టే పని. సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో బయట వందమంది వరుసలో ఉండగా, కొత్త చోటు, జనం, మైకులో పేర్లు పిలవడం మధ్య బిడ్డ అప్పటికే బెదిరిపోయి ఉంటాడు. ఆ కొద్ది నిమిషాల్లో కనిపించేది బిడ్డ అసలు స్వభావం అనుకోవడానికి లేదు. అందుకే వెళ్లేటప్పుడు ఇంట్లో, బడిలో తీసిన చిన్న చిన్న వీడియోలు, టీచర్ రాసిన ఒక పేజీ, పాత రిపోర్టులు తీసుకెళ్లమని అనుభవం ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్లు చెబుతుంటారు. మంచి సలహా.

రాష్ట్రంలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి 15,000. పేద కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన మొదలైనప్పుడు ఊళ్లలో అంత టెన్షన్ పడింది అందుకే. కానీ జనం మనసులో సదరం అంటే పింఛను అనే స్థిరపడిపోయింది. అదే కాగితం బడిలో ఉచిత పుస్తకాలకు, సహాయక పరికరాలకు, పరీక్ష రాయితీలకు, పై చదువుల్లో 5 శాతం రిజర్వేషన్‌కు పనికొస్తుందన్న సంగతి వెనక్కి పోయింది. దాంతోపాటు వచ్చే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది. చెన్నైకీ బెంగళూరుకూ వలసపోయే చిత్తూరు కుటుంబాలకు ఈ ఒక్క విషయమే ఎంతో ఉపయోగం.

గుర్తించడం దగ్గరే సగం కాలం పోతోంది

మూడేళ్లు వచ్చినా మాట రాకపోతే ఈ ప్రాంతంలో మొదట వినిపించేది "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు" అన్న ఓదార్పు. వస అరగదీసి నాలుకకు రాస్తారు. దిష్టి తీస్తారు, మొక్కుకుంటారు. మొక్కుకోవడంలో తప్పేమీ లేదు, దానికోసం డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తేనే నష్టం. మాట ఆలస్యం కావడం కన్నా ముందే కనిపించే గుర్తులు ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావలసిన వస్తువును వేలితో చూపించకుండా పెద్దవాళ్ల చేయి పట్టుకుని లాక్కెళ్లడం, ఆకాశంలో విమానం చూసి అమ్మకు కూడా చూపించాలన్న ఉబలాటం లేకపోవడం, వచ్చిన నాలుగు మాటలు కూడా పోవడం. 16 నుంచి 30 నెలల మధ్య ఇలాంటి ప్రశ్నలతోనే ప్రాథమికంగా వడపోసే ఎం-చాట్ అనే ప్రశ్నావళి ప్రపంచమంతా వాడుకలో ఉంది. అంగన్‌వాడీ కార్యకర్త బిడ్డను చూసేది సరిగ్గా ఈ వయసులోనే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వైద్య బృందాలు వెళ్లి పిల్లలను పరీక్షించాలి, అనుమానం ఉన్నవారిని డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రి లాంటివి ఈ పరీక్షల్లో బాగానే దొరుకుతాయి. పిలిస్తే పలకని బిడ్డ "సిగ్గరి" కింద జమైపోవడం సులువు.

ఇది అరుదైన సమస్య కూడా కాదు. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అధ్యయనం హైదరాబాద్ సహా దేశంలోని అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను పరిశీలించింది. దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక నాడీ వికాస సమస్య ఉన్నట్టు తేలింది. వినికిడి లోపం, మేధో వైకల్యం, మూర్ఛ, అభ్యసన సమస్యలు అన్నీ కలిపిన లెక్క అది. ఆటిజం ఒక్కటే తీసుకున్నా వందమందిలో ఒకరి దరిదాపుల్లో ఉంది. ఏ ఉన్నత పాఠశాలను తీసుకున్నా అందులో ఇలాంటి పిల్లలు కొందరు ఇప్పటికే ఉన్నట్టే. "మొండి", "మందం", "మాట వినడు" అన్న పేర్లతో ఉంటారు.

ఈ రెండు జిల్లాలకు ఒక ప్రత్యేకత ఉంది. చిత్తూరు వాళ్లు వెల్లూరు సీఎంసీ ఆస్పత్రికి వెళ్తారు, పిల్లల ఎదుగుదల సమస్యలకు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. కుప్పం, పలమనేరు వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. తిరుపతి, సత్యవేడు, సూళ్లూరుపేట వాళ్లు చెన్నై వైపు చూస్తారు. బహుళ వైకల్యాల కోసం కేంద్రం నెలకొల్పిన జాతీయ సంస్థ నీప్‌ఎండీ చెన్నై దాటగానే ముట్టుకాడులో ఉంది. పెద్ద సంస్థలు ఇంత దగ్గరలో ఉండటం ఈ సరిహద్దు జిల్లాలకు అదృష్టం. రోగనిర్ధారణ మంచి చోటే జరుగుతుంది. కానీ చేతికి వచ్చే రిపోర్టు పొరుగు రాష్ట్రానిది, ఇంగ్లిషులో రాసింది. చివర "స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరం" అని ఒక వాక్యం. ఆ స్పెషల్ ఎడ్యుకేషన్ ఎక్కడ దొరుకుతుందో ఆ డాక్టరుకు తెలిసే అవకాశం లేదు. మన మండలంలో ఈ పిల్లలకు నేర్పే భవిత కేంద్రం ఉందన్న సంగతి ఆయన చెప్పలేరు, ఊళ్లో టీచరుకు ఆ రిపోర్టు ఎవరూ చూపించరు. అది ఇంట్లో ఫైలులో ఉండిపోతుంది. బడికి ఉపయోగపడాలంటే దాన్ని మన భాషలో ఒక పేజీకి కుదించాలి. బిడ్డకు ఏం వచ్చు, ఏం చేస్తే బెదురుతాడు, ఎలా చెబితే అర్థం చేసుకుంటాడు. ఇంత ఉంటే చాలు. ఈ అనువాదం చేసిపెట్టే మనిషే ఇప్పుడు వ్యవస్థలో లేరు.

ఈ ఖాళీలోకే రకరకాల అమ్మకాలు చొరబడుతున్నాయి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స అంటూ లక్షలు తీసుకునేవాళ్లు ఉన్నారు. అది సిఫార్సు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే తేల్చింది. ఆటిజం మందుతో "నయమయ్యే" జబ్బు కాదు. బిడ్డ మెదడు లోకాన్ని అందుకునే తీరు వేరు. నేర్పే పద్ధతి దానికి తగ్గట్టు మారితే బిడ్డ నేర్చుకుంటాడు.

భవిత కేంద్రం

ప్రభుత్వ వ్యవస్థలో ఈ పిల్లలకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది భవిత కేంద్రం. ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలోని సహిత విద్య (అందరితో కలిపి చదివించే) విభాగం కింద మండల స్థాయిలో, సాధారణంగా ఏదో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలో నడుస్తుంది. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉంటారు. ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరికే వెళ్లి నేర్పాలి. 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఈ ఇంటి చదువును హక్కుగా మార్చింది. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి ఏటా 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది. ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు ఉపకార వేతనం. పరికరాలు, రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఇచ్చే భత్యం కూడా ఈ పథకంలోనివే.

ఇక్కడ పనిచేసే ఉపాధ్యాయులది నిజంగా కష్టమైన పని. ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతంతో, ఒకే గదిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కండరాల మీద అదుపు లేకపోవడం) ఉన్న బిడ్డకు కాళ్లు చాపించే వ్యాయామం చేయిస్తూ, ఆటిజం ఉన్న బిడ్డను కుర్చీలో కూర్చోబెడుతూ, వినికిడి లోపం ఉన్న బిడ్డతో సైగల్లో మాట్లాడుతూ ఉంటారు. సర్వేలు, యాప్‌లో వివరాలు ఎక్కించడం, సదరం క్యాంపులకు పిల్లలను తీసుకెళ్లడం వీళ్లదే. ఈ రెండు జిల్లాల్లో చాలా కుటుంబాలకు "మీ బిడ్డకు చదువు వస్తుంది" అని మొదట చెప్పిన మనిషి భవిత టీచరే.

దూరం ఒక సమస్య. మండల కేంద్రానికి బస్సులో రావాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి తల్లికి చార్జీ మిగిలింది. రోజు కూలి మాత్రం మిగల్లేదు. మామిడి సీజన్‌లో కోతకో, టమాటా తోటకో, పాడి పనికో పోతే వచ్చే డబ్బు వదులుకుని వారానికి మూడు రోజులు బిడ్డను తెచ్చి, గది బయట మెట్ల మీద కూర్చుని, మళ్లీ తీసుకెళ్లాలి. ఇది ఎన్నాళ్లు సాగుతుంది? వైకల్యం ఉన్న పిల్లలకూ, వారిలో తీవ్ర అవసరాలున్నవారి తోడుకూ రవాణా ఏర్పాటు చేయడం బడి బాధ్యత అని 16వ సెక్షన్ చెబుతోంది. నెలాఖరుకు వచ్చే కొద్దిపాటి భత్యం ఆ బాధ్యతకు సమానం కాదు.

అంతకన్నా పెద్ద సమస్య వేరే ఉంది. భవిత కేంద్రంలో నేర్చుకున్నది తరగతి గదికి చేరడం లేదు. కేంద్రంలో బొమ్మ కార్డు చూపించి "నీళ్లు కావాలి" అని అడగడం నేర్చిన బిడ్డ, తన బడిలో ఆ కార్డులు లేకపోవడంతో మళ్లీ ఏడుపుతోనే అడుగుతాడు. ఆటిజంలో ఒకచోట నేర్చింది ఇంకోచోట వాడటం సహజంగానే కష్టం. అందుకే రెండు చోట్లా ఒకే పద్ధతి ఉండాలి. తరగతి టీచరూ భవిత టీచరూ నెలకోసారి కూర్చుని మాట్లాడుకోకపోతే అది జరగదు. ఆ మాటకు టైమ్‌టేబుల్‌లో చోటు లేదు.

కోర్టు లెక్క, కొలువుల లెక్క

రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 28న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మైలురాయి. ప్రత్యేక అవసరాలున్న ఇంతమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు అన్న నిష్పత్తి ఉండాలని అందులో ఉంది.  2022 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున నిష్పత్తి ప్రకటించింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చి 7న కోర్టు మళ్లీ గట్టిగా చెప్పి, మంజూరు పోస్టులు ప్రకటించి నియామకాలు చేపట్టమంది. ఆ తర్వాతే ఆంధ్రప్రదేశ్ 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. 1,136 సెకండరీ గ్రేడ్ స్థాయిలో, 1,124 స్కూల్ అసిస్టెంట్ స్థాయిలో.

శాశ్వత పోస్టులు రావడం నిజంగా పెద్ద మార్పు. ప్రత్యేక విద్య ప్రాజెక్టు పని నుంచి బడి పనిగా మారడానికి ఇదే మొదటి మెట్టు. అయితే రాష్ట్రంలోని పాఠశాలల సంఖ్యతో పోల్చి చూస్తే ఈ టీచర్లు ఒక్కో బడికి ఒకరు చొప్పున రారన్నది తెలుస్తూనే ఉంది. ఒకరు కొన్ని బడులు తిరగాలి. ఒక టీచరు చేతిలో పది బడులు ఉన్నాయనుకుంటే, రోజుకొకటి చొప్పున తిరిగినా ఒక్కో బడికి వెళ్లేది దాదాపు రెండు వారాలకోసారి. మిగతా తొమ్మిది పనిదినాలూ బిడ్డ ఉండేది తన తరగతి టీచరు దగ్గరే. కాబట్టి తిరిగే ప్రత్యేక ఉపాధ్యాయుడు బిడ్డను పక్కగదికి తీసుకెళ్లి ఒక గంట పాఠం చెప్పి వెళ్లిపోతే ఆ ఉద్యోగం వల్ల ఒరిగేది తక్కువ. ఆ గంటలో తరగతి టీచరుతో కూర్చుని, వచ్చే రెండు వారాలకు ఏం చేయాలో రాసిచ్చి, పోయినసారి రాసింది ఎంతవరకు జరిగిందో చూస్తే ఫలితం ఉంటుంది. పోస్టుల సంఖ్య మీద జరిగినంత చర్చ పని తీరు మీద కూడా జరగాలి.

తరగతిలో ఏం మారాలి

ప్రత్యేక ఉపాధ్యాయుడు రాసిచ్చే ఈ కాగితానికే వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని పేరు, వాడుకలో ఐఈపీ. పేరు పెద్దదే గానీ విషయం సులువు. ఈ ఏడాదిలో ఈ బిడ్డ ఏ నాలుగైదు పనులు నేర్చుకోవాలి, ఎవరు నేర్పుతారు, నేర్చాడని ఎలా తెలుస్తుంది. "మాట్లాడటం మెరుగుపడాలి" అని రాస్తే అది ప్రణాళిక కాదు. "డిసెంబర్ నాటికి నీళ్లు, బాత్రూమ్, ఆపు అనే మూడు అవసరాలను మాటతో గానీ కార్డుతో గానీ రోజూ అడగాలి" అని రాస్తే అది ప్రణాళిక. తల్లిదండ్రుల సంతకం ఉండాలి, ఒక కాపీ ఇంట్లో ఉండాలి. చాలా చోట్ల ఐఈపీ అనేది తనిఖీ కోసం నింపే ఫారంగా మిగిలిపోవడం బాధ కలిగించే విషయం. ఆ ఒక్క కాగితాన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావన్నీ దాని వెంట వస్తాయి.

మామూలు ప్రభుత్వ బడిలో ఆటిజం ఉన్న బిడ్డకు రోజు ఎలా గడుస్తుందో ఊహించుకోవాలి. ఉదయం ప్రార్థనలో మైకు. అందరూ ఒక్కసారిగా పరుగెత్తే ఇంటర్వెల్. ఒకే హాలులో రెండు తరగతులు, ఇద్దరు టీచర్ల గొంతులు. మధ్యాహ్న భోజనంలో ఒక్కో రోజు ఒక్కో వాసన. టీచరు సెలవు పెడితే వేరే తరగతిలో కూర్చోబెట్టడం. మిగతా పిల్లలు పట్టించుకోని ఈ చిన్న చిన్న విషయాలు ఈ బిడ్డకు భరించలేనివి కావచ్చు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు డప్పుల మధ్య నిలబడితే పెద్దవాళ్లకే చెవులు గింగురుమంటాయి, కొందరు పిల్లలకు బడి గంట కూడా అంత గట్టిగా వినిపిస్తుంది. చెవులు మూసుకుని బల్ల కిందికి దూరే బిడ్డ అల్లరి చేయడం లేదు. తప్పించుకునే దారి వెతుక్కుంటున్నాడు.

దీనికి కావలసిన మార్పుల్లో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. రోజు కార్యక్రమాన్ని బొమ్మలతో ఒక అట్ట మీద వరుసగా అంటించి బిడ్డ బల్ల దగ్గర పెట్టవచ్చు. ప్రార్థన, తెలుగు, లెక్కలు, భోజనం, ఆట, ఇల్లు. ఒక్కోటి పూర్తి కాగానే ఆ బొమ్మ తీసేస్తే తర్వాత ఏం రాబోతోందో బిడ్డకు తెలుస్తుంది. సగం ఆందోళన అక్కడే తగ్గుతుంది. గంట కొట్టే ముందు ఒక నిమిషం చెప్పి ఉంచవచ్చు. ప్రార్థనలో మైకుకు దూరంగా, వరుస చివర నిలబెట్టవచ్చు. "అందరూ పుస్తకాలు తీయండి" అంటే ఆ "అందరూ"లో తానూ ఉన్నానని కొందరు పిల్లలకు తట్టదు. పేరు పెట్టి, చిన్న వాక్యంలో, ఒక్కసారి ఒక్క పనే చెప్పాలి. సామెతలు, వ్యంగ్యం, "ఇంకా కూర్చోకుండా ఏం చేస్తున్నావ్?" లాంటి ప్రశ్నలు వద్దు, అది నిజంగానే ప్రశ్న అనుకుని జవాబు చెప్పే పిల్లలు ఉంటారు. రైళ్ల పేర్లు, బస్సు నంబర్లు, లెక్కలు లాంటి ఒక విషయం మీద విపరీతమైన ఇష్టం ఉంటే దాన్ని మాన్పించే బదులు పాఠంలోకి తీసుకురావాలి. రేణిగుంట జంక్షన్ మీదుగా వెళ్లే రైళ్ల టైమ్‌టేబుల్‌తో ఎన్ని లెక్కలైనా చేయించవచ్చు.

తోటి పిల్లల సంగతి చాలామంది మరిచిపోతారు. పెద్దలు దాచిపెట్టినంత కాలం వాళ్లు వెక్కిరిస్తారు. "వాడికి గట్టి శబ్దం ఇష్టం ఉండదు, ముట్టుకునే ముందు చెప్పాలి" అని నెమ్మదిగా వివరిస్తే వాళ్లే కాపలా కాస్తారు. ఒక తోడు విద్యార్థిని వంతులవారీగా పెట్టడం చాలా బడుల్లో పనిచేసిన పద్ధతి. భారమంతా ఒకే పిల్ల మీద, ముఖ్యంగా ఎప్పుడూ ఒక బుద్ధిమంతురాలైన ఆడపిల్ల మీదే పడకుండా చూసుకోవాలి.

ఏ భాషలో నేర్పాలి?

ఈ ప్రశ్న ఈ ప్రాంతంలో ప్రతి ఇంటికీ వస్తుంది. నగరి, సత్యవేడు ఇళ్లలో తమిళం, కుప్పం, వి.కోట వైపు కన్నడ, తమిళ, తెలుగు మూడూ, చాలా ముస్లిం కుటుంబాల్లో ఉర్దూ. బడి మీడియం ఇంగ్లిషు. యూట్యూబ్ పాటలు కూడా ఇంగ్లిషే. ఇన్ని భాషలతో బిడ్డ గందరగోళపడుతున్నాడని, ఇంట్లో అందరూ ఇంగ్లిషే మాట్లాడమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇది హాని చేసే సలహా. రెండు మూడు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష వెనకబడుతుందని పరిశోధనల్లో రుజువు కాలేదు. సరిగ్గా రాని ఇంగ్లిషులో "కమ్, సిట్, ఈట్" అని ముక్కలుగా మాట్లాడే తల్లి, తన భాషలో అయితే పాట పాడుతుంది, బుజ్జగిస్తుంది, కథ చెబుతుంది, కోప్పడుతుంది. బిడ్డకు కావలసింది ఆ నిండైన భాష. అవ్వా తాతలతో మాట్లాడే భాష తీసేస్తే అప్పటికే మనుషులతో కలవడం కష్టమైన బిడ్డకు ఉన్న నలుగురు మనుషులు కూడా దూరమవుతారు. ఇంటి భాష అలాగే ఉంచి, బడిలో వాడే కొన్ని మాటలకు బొమ్మ కార్డులు పెట్టుకోవడం మేలు. బొమ్మ ఏ భాషలోనైనా ఒకటే. ఇక కార్డులతో అడగడం అలవాటైతే మాటలు రావన్న భయం కూడా నిరాధారం. అడిగితే దొరుకుతుందని తెలిసిన బిడ్డకే ఇంకా అడగాలనిపిస్తుంది.

భాష గురించి మాట్లాడుతున్నప్పుడే డిస్లెక్సియా సంగతి కూడా చెప్పుకోవాలి. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఈ సమస్య మనవాళ్లకు ఉండదన్న అపోహ ఉంది. గుణింతాలు, వత్తులు కలిపి తెలుగులో గుర్తుపెట్టుకోవాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి, ఇబ్బంది అక్కడ బయటపడుతుంది. చదవడం నెమ్మదిస్తుంది, వత్తులు జారిపోతాయి. నోటితో చక్కగా జవాబు చెప్పే పిల్ల పేపరు మీద ఫెయిలవుతుంది. ఉపాధ్యాయులే తొలి వడపోత చేయడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. అది రోగనిర్ధారణ కాదు, అనుమానం నమోదు చేసే సాధనం. నిజాయితీగా నింపితే చాలామంది "మొద్దు" పిల్లల అసలు కష్టం తెలుస్తుంది.

ప్రైవేటు బడులు, పద్దెనిమిదేళ్ల తర్వాత

ప్రైవేటు పాఠశాలల్లో వినిపించే మాట ఒకటే: "మా దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ లేరు, మీ బిడ్డ మంచికే చెబుతున్నాం." మర్యాదగా చెప్పినా అది తిరస్కరణే. కొన్ని బడులు చేర్చుకుంటాయి గానీ బిడ్డ పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్‌ను తల్లిదండ్రులే జీతం ఇచ్చి పెట్టుకోవాలంటాయి. గుర్తింపు పొందిన ప్రతి బడికీ 16వ సెక్షన్ వర్తిస్తుంది. ఇంకా, విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో కేటాయించే 25 శాతం ఉచిత సీట్లలో మన రాష్ట్రం 5 శాతాన్ని అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు కలిపి ఇచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఏటా ప్రకటన వచ్చినప్పుడు. ఈ కోటా గురించి తెలిసిన దివ్యాంగ కుటుంబాలు తక్కువ. థెరపీ ఖర్చు విషయంలో నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కూడా అంతే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏటా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, అందులో క్రమం తప్పక చేయించే థెరపీలకూ కొంత భాగం ఉంటుంది.

ప్రత్యేక విద్యలో అందరూ చిన్నపిల్లల గురించే మాట్లాడతారు. ఈ పిల్లలు పదో తరగతికి వస్తారు. పరీక్షలో రాసిపెట్టేవారు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్నాయి. వీటికి బడి నుంచి ముందే దరఖాస్తు వెళ్లాలి, హాల్ టికెట్లు వచ్చాక పరుగెత్తితే లాభం లేదు. మామూలు పదో తరగతి భారమైతే ఓపెన్ స్కూల్ దారి ఉంది, ఒక్కో సబ్జెక్టు చొప్పున వీలున్నప్పుడు రాసుకోవచ్చు. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలకు కలిపి 1 శాతం 2016 చట్టంతోనే వచ్చింది. అది అందుకోవాలంటే ముందు చదువు సాగాలి. అయిదు నుంచి ఆరుకు బడి మారినప్పుడు ఐఈపీ ఫైలు కొత్త బడికి వెళ్లదు. అక్కడితో చాలామంది చదువు తెగిపోతుంది. తీవ్ర వైకల్యం ఉన్నవారికి 18 నిండాక తల్లిదండ్రులైనా సరే చట్టబద్ధ సంరక్షకులుగా నియామకం పొందాలి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ఆ పని చేస్తుంది. బ్యాంకు ఖాతా, ఆస్తి విషయాల్లో ఇది లేక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు.

బడి నిరాకరించినా, సర్దుబాట్లు చేయకపోయినా మొదటి పని కాగితం పుట్టించడం. అడ్మిషన్ గానీ, ఐఈపీ గానీ కోరుతూ ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటిమాటతో వెనక్కి పంపే బడులు కాగితం మీద "చేర్చుకోం" అని రాయడానికి జంకుతాయి. స్పందన లేకపోతే మండల విద్యాశాఖాధికారి, ఆ పైన జిల్లా విద్యాశాఖాధికారి, జిల్లా సమగ్ర శిక్షలో సహిత విద్య కోఆర్డినేటర్ ఉన్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి, చిత్తూరు వేర్వేరు జిల్లాలు కాబట్టి శ్రీకాళహస్తి, సత్యవేడు వాళ్లు తిరుపతికి, పలమనేరు, కుప్పం, నగరి వాళ్లు చిత్తూరుకు వెళ్లాలి. రెండు కలెక్టరేట్లలోనూ సోమవారం అర్జీలు తీసుకుంటారు, ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, దాన్ని దాచుకోవాలి. అక్కడా తేలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దీనికి లాయరు అవసరం లేదు. చట్టాన్ని ఉల్లంఘించినట్టు కోర్టులో తేలితే తొలిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది.